పలు ప్రాంతాల మనుషుల సైగలను గీయడం ఎలా: స్కెచ్‌బుక్ పట్టుకున్నవాళ్లకు సమగ్ర మార్గదర్శి

టోలీచౌకిలో ఒక కిరాణా కొట్టు. సూడాన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు ఫోన్‌లో ఏదో ప్యాకెట్ బొమ్మ చూపించి, ఉందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. కొట్టతను చెయ్యి భుజం దాకా ఎత్తి, వేళ్లు విప్పి, మణికట్టు దగ్గర అటూ ఇటూ రెండుసార్లు తిప్పాడు. మనకది "లేదు". కుర్రాడు నవ్వి, తనూ చెయ్యెత్తి అలాగే ఊపాడు. హలో చెప్పాడనుకున్నట్టున్నాడు. తర్వాత ప్యాకెట్ వస్తుందని అక్కడే నిలబడ్డాడు. కొట్టతను ఈసారి ఇంకాస్త గట్టిగా తిప్పాడు. కుర్రాడు మళ్లీ నవ్వాడు. పక్కనే గుడ్లు కొంటున్న నేను ఆ పూట ఇంటికెళ్లి గీసిన మొదటి బొమ్మ ఇదే. చాలా చెత్తగా వచ్చింది.

ఎందుకు చెత్తగా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. చెయ్యి బాగానే గీశాను, వేళ్లూ కుదిరాయి. కానీ చూసినవాళ్లంతా "ఎవరో టాటా చెబుతున్నాడు" అన్నారు. ఆ సూడాన్ కుర్రాడు ఏ పొరపాటు పడ్డాడో నా బొమ్మ కూడా అందర్నీ అదే పొరపాటులో పడేసింది. మీరూ పిల్లల పుస్తకాలకో, కామిక్స్‌కో, యానిమేషన్‌కో, ఊరికే సరదాకో బొమ్మలేసేవాళ్లైతే, రకరకాల చోట్ల నుంచి వచ్చిన మనుషులు ఒకరితో ఒకరు చేతులతో, తలతో, ఒంటితో ఎలా మాట్లాడుకుంటారో గీయాలనుకుంటే, నేను పడుతూ లేస్తూ నేర్చుకున్న పద్ధతి ఇది. రెండు నెలలు పెట్టుకోండి. తొందరపడితే రాదు.

1. ఒక్క చోటు ఎంచుకోండి

"ప్రపంచ సంస్కృతుల సైగలు" అని మొదలుపెడితే చివరికి తయారయ్యేది ఒక చార్టు. బొటనవేలు పైకెత్తితే ఇరాన్‌లో తిట్టు, బొటనవేలు చూపుడువేలు కలిపి సున్నా చుడితే బ్రెజిల్‌లో బూతు. ఇలాంటి జాబితాలు చదవడానికి సరదాగా ఉంటాయి, గీయడానికి పనికిరావు. వాటిలో చెయ్యి ఉంటుంది, మనిషి ఉండడు.

అందుకని దేశాలను పక్కనబెట్టి, వేరువేరు మనుషులు రోజూ కలిసే ఒక చోటు పట్టుకోండి. హైదరాబాద్‌లో అయితే ఆఫ్రికా, అరబ్ దేశాల విద్యార్థులు తిరిగే టోలీచౌకి ఉంది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే బార్కస్ ఉంది. తార్నాకలో విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ దగ్గర టీ కొట్లున్నాయి. మార్వాడీ సేటూ తెలంగాణ పల్లె నుంచి వచ్చిన చిల్లర వ్యాపారీ బేరమాడుకునే బేగంబజార్ ఉంది. మీరు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే పిల్లల స్కూలు గేటు చాలు. తెలుగు అమ్మ, చైనా తాతయ్య, మెక్సికో నాన్న ముగ్గురూ ఒకే చెట్టు కింద నిలబడి పిల్లల కోసం చూస్తుంటారు. అంతకన్నా మంచి స్టూడియో దొరకదు.

వారానికి రెండుసార్లు, అదే చోటుకు, అదే వేళకు వెళ్లండి. మొదటి రెండు వారాలు అందరూ మిమ్మల్నే చూస్తారు. మూడో వారానికి మీరు అక్కడి కరెంటు స్తంభంలాంటివాళ్లు. అసలు సైగలు అప్పుడు బయటికొస్తాయి.

2. బయటికెళ్లే ముందు ఇంట్లో

పొరుగువాడి సైగ మన కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనది మనకు కనిపించదు. అదొక్కటీ సరిచేసుకోకపోతే మీ పుస్తకంలో "వాళ్లు" మాత్రమే చేతులు ఊపుతుంటారు, "మనం" మామూలుగా ఉంటాం. అది అబద్ధం.

మనకొక అదృష్టముంది. తెలుగు భాషే పెద్ద సైగల గోదాము. ముక్కున వేలేసుకోవడం, బుగ్గలు నొక్కుకోవడం, మూతి తిప్పుకోవడం, పెదవి విరవడం, చెంపలేసుకోవడం, బుర్ర గోక్కోవడం, చేతులు నలుపుకోవడం, మీసం మెలేయడం, తొడగొట్టడం, కాలి బొటనవేలితో నేల మీద రాయడం. ఇవన్నీ ఒకప్పుడు ఒంటితో చేసినవే, తర్వాత మాటల్లోకి ఎక్కాయి. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నవాడి కథంతా ఒక్క సైగలో ఉంది.

ఇలాంటివి పాతిక రాసుకోండి. రాశాక ఒక్కొక్కటే నిజంగా చేసి చూడండి. ఇక్కడే తమాషా. "ముక్కున వేలేసుకున్నాడు" అని రోజూ అంటాం. చెయ్యమంటే ఏ వేలు, ముక్కు మీద ఎక్కడ, మోచెయ్యి ఎక్కడ ఆనుతుంది, రెండో చెయ్యి ఏం చేస్తుంది? మా అమ్మమ్మ చేసేటప్పుడు ఎడమచెయ్యి కుడి మోచేతి కింద పెట్టుకునేది, తల కొంచెం వెనక్కి పోయేది. నేను చేస్తే ముక్కు దురదలా ఉంది. పెద్దవాళ్లు ఉంటే వాళ్ల చేత చేయించి గీయండి. వాటిలో కొన్ని వాళ్లతోనే ఆగిపోయేలా ఉన్నాయి.

రెండో కసరత్తు టీవీ. ఏదైనా చర్చ పెట్టి, సౌండ్ తీసేసి, అరగంట గీయండి. మాట వినబడితే కన్ను బద్ధకిస్తుంది.

3. సామాను

జేబులో పట్టే చిన్న పుస్తకం, బాల్ పెన్ను, అంతే. రబ్బరు వద్దు. లియొనార్డో డావిన్చీ చిత్రకారులకు ఇదే చెప్పాడు: వీధిలో మాట్లాడుకునేవాళ్లనూ పోట్లాడుకునేవాళ్లనూ గీయడానికి చిన్న పుస్తకం వెంట పెట్టుకోండి, రంగు పూసిన కాగితమైతే చెరపడానికి కుదరదు అని. ఐదొందల ఏళ్లు దాటినా సలహా పాతబడలేదు. ఐప్యాడ్ తీసుకెళ్తే దాన్ని చూడటానికి జనం పోగవుతారు.

4. మనుషుల కన్నా ముందు మధ్యనున్న ఖాళీ

ఇద్దరు మాట్లాడుకుంటుంటే మొదట వాళ్ల మధ్య దూరాన్ని గీయండి. రెండు నిలువు గీతలు, మధ్యలో ఖాళీ. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికా మానవ శాస్త్రవేత్త 1960ల్లో ఈ దూరాల మీదే పనిచేసి లెక్కలు కట్టాడు: తనవాళ్లతో అడుగున్నర లోపు, స్నేహితులతో నాలుగడుగుల దాకా, పనిమీద కలిసినవాళ్లతో పన్నెండు అడుగుల దాకా. ఆ లెక్కలు అమెరికాలో కొన్ని వర్గాల మనుషులను చూసి కట్టినవని ఆయనే చెప్పాడు. మన రేషన్ షాపు క్యూలో నిలబడితే ఎందుకలా చెప్పాడో తెలుస్తుంది.

గీసేటప్పుడు కావలసింది కొలత కన్నా కదలిక. ఒకరు ముందుకు జరుగుతుంటే మరొకరు తెలియకుండానే వెనక్కి జరుగుతుంటారు. టీ కొట్టు దగ్గర ఇలా మొదలైన మాట పావుగంటలో నాలుగడుగులు జరిగి ఆటో పక్కకు చేరడం నేను చూశాను. ఇద్దరికీ తాము జరిగినట్టే తెలీదు. పాదాల గుర్తులతో ఆ దారి గీస్తే అదే ఒక బొమ్మ.

5. వేళ్లతో మొదలుపెట్టొద్దు, కీలు పట్టుకోండి

నా మొదటి బొమ్మ ఎందుకు తప్పిందో ఇక్కడ చెప్పాలి. చెయ్యి కనబడగానే మనం వేళ్ల మీద పడతాం. సైగ పుట్టేది వేళ్ల దగ్గర కాదు. భుజం నుంచా, మోచేతి నుంచా, మణికట్టు నుంచా అన్నది ముందు చూడాలి. టాటా చెప్పేటప్పుడు ముంజేయి కూడా కొంత ఊగుతుంది, అరచెయ్యి ఎదుటివాడి వైపే ఉంటుంది. మన "లేదు"లో ముంజేయి నిలకడగా ఉండి, తాళంచెవి తిప్పినట్టు చెయ్యి తన ఇరుసు మీద తిరుగుతుంది. అరచెయ్యి ఒకసారి కనబడుతుంది, ఒకసారి దాక్కుంటుంది. తేడా అంతా అక్కడే. నేను ఆ ఇరుసును గీయలేదు.

ఈ చూపును నాకు నేర్పింది ఒక పాత అధ్యయనం. దాని కథ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనలాంటి బొమ్మలేసేవాడొకడు అందులో సగం పని చేశాడు. 1930లు. సైగలు రక్తంలో వస్తాయి, ఏ జాతివాడు ఎలా చేతులూపుతాడో పుట్టుకతోనే నిర్ణయమై ఉంటుంది అని నాజీ జర్మనీ పండితులు రాస్తున్న రోజులు. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ దగ్గర, అర్జెంటీనాలో పుట్టిన డేవిడ్ ఎఫ్రాన్ అనే పరిశోధకుడు ఈ వాదాన్ని తేల్చుకుందామని వీధిలోకి దిగాడు. లోయర్ ఈస్ట్ సైడ్‌లో తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదులు, లిటిల్ ఇటలీలో దక్షిణ ఇటలీవాళ్లు. వెంట స్టైవెసెంట్ వాన్ వీన్ అనే చిత్రకారుణ్ని తీసుకెళ్లాడు. సినిమా కెమెరాతో తీశారు, లెక్కలు వేశారు, వాటితోపాటు మనుషులు మాట్లాడుకుంటుంటే వాన్ వీన్ అక్కడికక్కడే గీశాడు.

కనబడిందేమిటంటే, ఇటలీ సంప్రదాయంలో ఉన్నవాళ్ల చేతులు భుజం నుంచి లేస్తాయి, పక్కలకు బారగా సాగుతాయి, రెండు చేతులూ ఒకే తీరున కదులుతాయి. యూదు సంప్రదాయంలో ఉన్నవాళ్ల మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంటాయి, కదలిక ముంజేతిలో, ఎదుటివాడి వైపు. ఒక్కోసారి ఎదుటివాడి కోటు పట్టుకుని మరీ మాట్లాడతారు. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. అసలు సంగతి తర్వాతిది: అమెరికా జీవితంలో కలిసిపోయిన యూదులనూ ఇటలీవాళ్లనూ చూస్తే ఆ తేడాలు చాలావరకు పోయాయి. చుట్టూ ఉన్న మనుషుల్లాగే వాళ్ల చేతులూ కదులుతున్నాయి. రెండిళ్ల పద్ధతులు కలగలిసినవాళ్లూ ఉన్నారు. 1941లో ఇది అచ్చయింది. సైగ రక్తంతో రాదు, ఇరుగుపొరుగుతో వస్తుంది.

మన పనికి దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, ముప్పై సెకన్ల కసరత్తు: ప్రతి మనిషికీ భుజం, మోచెయ్యి, మణికట్టు మూడు చుక్కలు పెట్టండి, ఏ చుక్క ఎక్కువ కదులుతోందో దాని చుట్టూ సున్నా చుట్టండి, మొహం వద్దు. రోజుకు ఇరవై. రెండోది, బొమ్మ కింద "సూడాన్‌వాడు", "మార్వాడీ" అని రాయకండి. "మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్న విద్యార్థి, తెలుగు కొట్టతనితో మాట్లాడుతూ" అని రాయండి. బార్కస్‌లో తరతరాలుగా ఉంటున్న పెద్దాయన చెయ్యి యెమెన్ ఎంతో హైదరాబాద్ అంతే. ఆయన మాటల మధ్యలో మన మణికట్టు తిప్పుడు వచ్చినప్పుడు దాన్ని ఏ గడిలో పెడతారు?

6. ఒకే ముద్ర, మూడు మాటలు: పేజీ ఎలా నింపాలి

ఐదు వేళ్ల కొసలూ కలిపి పైకి పట్టుకోండి, మొగ్గలా. ఇప్పుడు దాన్ని నోటి దగ్గరకు తీసుకెళ్లండి. తెలుగువాళ్లెవరైనా "తిన్నావా?" అనే అర్థం చేసుకుంటారు. అదే మొగ్గను ఛాతీ ఎదురుగా పెట్టి, మణికట్టు దగ్గర ముందుకూ వెనక్కూ ఊపండి. ఇటలీలో "ఏంటి నీ గోల? ఏమంటున్నావ్?" అన్నట్టు. 2020లో ఈ ముద్ర ఎమోజీల్లోకి కూడా వచ్చింది. ఇప్పుడు చెయ్యి కాస్త కిందికి దించి, ఎదుటివాడి వైపు చూపిస్తూ నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించండి. చాలా అరబ్ దేశాల్లో "ఆగు, కాస్త ఓపిక పట్టు".

వేళ్లు మూడింటిలోనూ ఒకటే. చెయ్యి ఉన్న చోటు, కదిలే దారి మారాయి, అర్థం మారింది. ఎమోజీ చూసి గీసినవాడికి ఈ మూడూ ఒకేలా వస్తాయి. టోలీచౌకిలో అరబ్ విద్యార్థి ఆటో డ్రైవర్‌కు "ఆగు, డబ్బులు తీస్తున్నా" అని ఈ సైగ చేస్తే, డ్రైవర్ "తిన్నా భాయ్, తిన్నా" అన్నాడు. నేను ఆ రోజు పేజీ మొత్తం వాళ్లిద్దరికే ఇచ్చాను.

నా పేజీలో ప్రతి సైగకూ నాలుగు సంగతులు ఉంటాయి. మధ్యలో బొమ్మ, చేతి ఆకారంతో సహా. పక్కన అగ్గిపుల్ల మనిషి, ఒంట్లో ఆ చెయ్యి ఏ ఎత్తులో ఉందో చూపించడానికి. బాణం, కదిలే దారికి; ఎన్నిసార్లు కదిలితే అన్ని గీతలు. కింద ఒకే వాక్యం: ఎవరు, ఎవరితో, ఏమంటూ. ఆ మాటలు వినిపించిన భాషలోనే తెలుగు లిపిలో రాసుకోండి. అర్థం మాత్రం అప్పుడే రాయకండి. అర్థం తెలిసిందనుకున్న క్షణం నుంచి కన్ను చూడటం మానేస్తుంది. దానికి ఖాళీ వదలండి, తర్వాత అడిగి నింపుదాం.

వేళ్లతో లెక్కపెట్టమని అడగడం పరిచయానికి మంచి దారి. భాష అక్కర్లేదు, ఎవరూ ఇబ్బందిపడరు. జర్మనీవాళ్లు బొటనవేలితో ఒకటి మొదలుపెడతారు. జపాన్‌వాళ్లు తెరిచిన అరచేతిలోకి వేళ్లు ముడుస్తూ పోతారు. చైనావాళ్లకు పది దాకా ఒక్క చెయ్యి చాలు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. మనం బొటనవేలితో కణుపులు లెక్కపెట్టి చూపిస్తే అందరూ దగ్గరికొచ్చి చూస్తారు. పావుగంటలో స్నేహం కుదురుతుంది.

అన్నట్టు, గీయడానికే వీల్లేని సైగలూ ఉన్నాయి. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పైకి కనబడేది తువ్వాలు కదలికే. నేనైతే రెండు మొహాలు, మధ్యలో తువ్వాలు గీసి ఊరుకున్నాను. మొహాల్లో కూడా ఏమీ ఉండదు, అది వేరే సంగతి.

7. తల

తలకు మూడు ఇరుసులున్నాయి. ముందుకూ వెనక్కూ, ఇటు నుంచి అటు తిరగడం, భుజాల వైపు ఒరగడం. బయటివాళ్లను తికమకపెట్టే మన తల ఊపుడు మూడోది: ముక్కు ఉన్నచోటే ఉంటుంది, చెవులు భుజాల వైపు తూగుతాయి. దాన్ని రెండోదానిలా గీస్తే "కాదు" అయిపోతుంది. గడ్డం నుంచి నడినెత్తికి ఒక గీత గీసి, ఆ గీత లోలకంలా ఊగిందా, బొంగరంలా తిరిగిందా అన్నది మొదట తేల్చుకోండి, మిగతాది సులువు.

గ్రీస్, టర్కీ, దక్షిణ ఇటలీల్లో తల ఒక్కసారి వెనక్కి ఎగరేస్తే "కాదు". దానితోపాటు కనుబొమలు లేస్తాయి, నాలుకతో చిన్న చప్పుడు కూడా రావచ్చు. మనకు అలా తల ఎగరేస్తే "ఏంటి?", ఆ చప్పుడు "ప్చ్", అయ్యో పాపం. బల్గేరియాలో అవునన్నప్పుడు తల అడ్డంగా ఆడిస్తారు. కాబట్టి తల గీసేటప్పుడు ఆ మనిషి వెంటనే ఏం చేశాడో కూడా పక్కన గీసుకోండి. డబ్బులు తీశాడా, వెళ్లిపోయాడా. అవునో కాదో చెప్పేది అదే.

8. ఒక్క బొమ్మలో ఇమడనివి

సిటీ బస్సు. ఒక పెద్దాయన కాలు పక్క సీట్లో ఉన్న విదేశీ కుర్రాడి బూటుకు తగిలింది. పెద్దాయన వంగి, ఆ కుర్రాడి మోకాలు తాకి, ఆ చెయ్యి తన కళ్లకు అద్దుకున్నాడు. కుర్రాడు ఠక్కున కాలు లాక్కున్నాడు. జేబు కొట్టేస్తున్నాడనుకున్నాడో ఏమో, ఒక చెయ్యి జేబు మీదకు కూడా పోయింది. పుస్తకానికి కాలు తగిలినా ఇదే చేస్తాం. అన్ని ప్రాణాల్లోనూ దేవుడున్నాడని చెప్పినా, అలవాటని చెప్పినా, ఇక్కడ పుట్టినవాడికి అది క్షమాపణే.

ఈ సైగకు తగలడం, వంగడం, తాకడం, అద్దుకోవడం అని నాలుగు మెట్లున్నాయి. ఏ ఒక్క మెట్టు విడిగా గీసినా తప్పు కథ చెబుతుంది. పిల్లాడికి దిష్టి తీస్తూ చెంపలు నిమిరి, వేళ్లు తన కణతలకు ఆనించి మెటికలు విరవడం కూడా అంతే. ఇలాంటివాటికి మూడు దారులు. కామిక్స్ గళ్లు అన్నిటికన్నా తేలిక. రెండోది, ఒకే ఒంటి మీద చెయ్యి ఉన్న చోట్లన్నీ ఒకదాని మీద ఒకటి గీసి, చివరిది మాత్రం ముదురుగా. మూడోది, ఎతియెన్-జూల్స్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1880ల్లో చేసిన పని: మనిషికి నల్లటి బట్టలు తొడిగి, కాళ్లూ చేతుల వెంట తెల్ల గీతలు పెట్టి, ఒకే పలక మీద వరుసగా ఫొటోలు తీశాడు. మనిషి మాయమై కదలిక మిగిలింది. బాల్ పెన్నుతోనూ చేయొచ్చు. ఎముకకు ఒక గీత చొప్పున పది పన్నెండు సార్లు.

కూచిపూడి నేర్చుకున్నవాళ్లు పక్కనుంటే ఇక్కడ బాగా పనికొస్తారు. అభినయ దర్పణం అనే పాత నాట్యగ్రంథంలో ఒంటిచేతి ముద్రలు 28, తల కదలికలు 9, చూపులు 8, మెడ కదలికలు 4 అని విడదీసి చెప్పారు. వీధి మనుషులు ముద్రలు పట్టరు, కానీ చెయ్యిని చూపు నుంచి, చూపును మెడ నుంచి విడదీసి చూసే అలవాటు మనకు కావాలి. "యతో హస్తస్తతో దృష్టిః" అని ఉంది కదా, చెయ్యి ఎక్కడుంటే చూపు అక్కడ అని. వీధిలో అది చాలాసార్లు తప్పుతుంది. చెయ్యి అటు చూపిస్తుంటే కళ్లు ఎదుటివాడి మీదే ఉంటాయి, విన్నాడా లేదా అని. అలా తప్పినప్పుడల్లా గీయండి, బొమ్మకు ప్రాణం అక్కడ వస్తుంది.

9. అడగడం

"మీ దేశంలో దీనికి అర్థం ఏమిటి?" అని అడిగితే పాఠ్యపుస్తకం జవాబొస్తుంది. నేను రెండు ప్రశ్నలు అడుగుతాను: "ఇది చివరిసారి ఎవరితో చేశారు?", "ఎవరి ముందు చెయ్యరు?". రెండోదానికి వచ్చే జవాబులే బంగారం. నాన్న ముందు చెయ్యను, టీచర్ ముందు చెయ్యను, అత్తగారు చూస్తుంటే అసలు చెయ్యను.

ఇంకో చిట్కా, ఆ సైగ మీరే తప్పుగా చేసి చూపించండి. వివరించమంటే సిగ్గుపడేవాళ్లు కూడా తప్పు చూస్తే ఊరుకోలేరు. మీ మోచెయ్యి పట్టుకుని మరీ సరిచేస్తారు.

గీసినదాన్ని అక్కడే చూపించండి, వద్దంటే ఆ పేజీ ఇచ్చేయండి. ముఖ్యంగా ఆడవాళ్లను దొంగచాటుగా ఫొటో తీసి ఇంటికెళ్లి గీయడం పద్ధతి కాదు. బధిరుల విషయంలో ఇంకో జాగ్రత్త. వాళ్లవి ఉత్త సైగలు కావు, వ్యాకరణం ఉన్న భాష. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలోని ప్రభుత్వ సంస్థ 10,000 పదాల నిఘంటువే తయారుచేసింది. అందులో ఒక్క అరచెయ్యి తప్పు గీస్తే అక్షరదోషం. నేర్చుకోకుండా గీయకండి. మీ మిగతా బొమ్మలు వాళ్లకు చూపించి అభిప్రాయం అడగండి, వాళ్ల కన్ను పడితే ఏ లోపమూ దాగదు.

10. అద్దంతో జాగ్రత్త

ముద్ర గుర్తుకు రాకపోతే అందరం అద్దం ముందో సెల్ఫీ కెమెరా ముందో నిలబడతాం. అక్కడ కుడి ఎడమ తారుమారవుతాయి. ఒకసారి గుడి మెట్ల బొమ్మ ఒకటి పూర్తిచేసి, రంగులేసి, అమ్మకు చూపించాను. రెండు నిమిషాలు చూసి, "పంతులుగారు ఎడమచేత్తో ప్రసాదం పెడుతున్నాడేంట్రా?" అంది. పెట్టేవాడూ ఎడమచెయ్యే, పుచ్చుకునేవాళ్లూ ఎడమచెయ్యే. మూడు రోజుల పని. మన దగ్గరే కాదు, అరబ్ దేశాల్లోనూ ఇవ్వడం పుచ్చుకోవడం కుడిచేత్తోనే మర్యాద. బొమ్మ మొదలుపెట్టేటప్పుడే చేతి మీద "కు", "ఎ" అని రాసుకోండి.

11. మాట లేకుండా పరీక్ష

కింద రాసిన వాక్యం మూసేసి ముగ్గురికి చూపించండి. ఒకరు ఆ సైగ తెలిసినవాళ్లు, ఒకరు తెలియనివాళ్లు, ఒకరు ఎనిమిదేళ్ల పిల్ల. "ఇప్పుడు ఏం జరుగుతోంది? తర్వాత ఏం జరుగుతుంది?" అని అడగండి. తెలిసినవాళ్లు వెంటనే పోల్చుకోవాలి. తెలియనివాళ్లు అర్థం తప్పు చెప్పినా ఫరవాలేదు, కదలిక సరిగ్గా చేసి చూపించగలిగితే బొమ్మ పాసే. పిల్ల నవ్వితే ఎందుకు నవ్విందో కనుక్కోండి. వెక్కిరింతలా కనబడి నవ్వితే మొహం మళ్లీ గీయాలి. ముక్కులూ పెదాలూ పెద్దవి చేసి "విదేశీయుడు" అని తెలిసేలా గీయడం మన కార్టూన్ల పాత జబ్బు. సైగ సరిగ్గా కుదిరితే దాని అవసరం రాదు.

నా "లేదు" బొమ్మ ఈ పరీక్షలో నాలుగుసార్లు ఫెయిలైంది. ఐదోసారి అరచెయ్యి ఒకవైపు, చేతి వెనకభాగం ఒకవైపు పక్కపక్కనే గీసి, ముంజేయి ఒక్కటే ఉంచి, చుట్టూ చిన్న వంపు బాణం పెట్టాను. కొట్టతని రెండో చెయ్యి అప్పటికే తర్వాతి కస్టమర్ పాల ప్యాకెట్ మీదుంది. అది గీశాక ఎవరూ టాటా అనలేదు.

12. గోడ మీద

యాభై పేజీలు పోగయ్యాక దేశాలవారీగా పేర్చాలనిపిస్తుంది. పేర్చితే మళ్లీ మొదటి చార్టు దగ్గరికే వస్తాం. నేను పనులవారీగా పెట్టాను: వద్దనడం, ఆగమనడం, పిలవడం, లెక్క చెప్పడం, తప్పు ఒప్పుకోవడం. పిలిచే గోడ మీద అరచెయ్యి కిందికి పెట్టి వేళ్లు ఆడించే మనవాళ్ల పక్కనే జపాన్‌వాళ్లు వచ్చారు, అరచెయ్యి పైకి పెట్టే అమెరికావాడు ఎదురుగా మిగిలాడు. నేపుల్స్‌లో ఆండ్రియా డి యోరియో అనే మతగురువు 1832లోనే తన ఊరి సైగల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. పురాతన గ్రీకు కుండల మీది బొమ్మలు అర్థం కావాలంటే కింద వీధిలో చేపలమ్మేవాళ్లను చూడండన్నది ఆయన వాదన. అందులోని బొమ్మల్లో విడి చేతులు కొన్నే, మిగతావి చాలావరకు వీధి దృశ్యాలు: ఇద్దరు పోట్లాడుకుంటుంటే మూడోవాడు వెనక నుంచి సైగ చేస్తుంటాడు. ఒక్క బొమ్మ అలా వేయగలిగితే పది విడి చేతుల పెట్టు.

ప్రదర్శన ఎక్కడ పెట్టాలన్నదానికి నా దగ్గర గొప్ప సలహా లేదు. గీసిన చోటే పెట్టడం మంచిది. గ్యాలరీకి వచ్చేవాళ్లు బాగుందంటారు, టీ కొట్టుకు వచ్చేవాళ్లు తప్పులు చెబుతారు. గీసిన ప్రతి మనిషికీ ఒక జిరాక్స్ ఇవ్వండి.

కిరాణా కొట్టతనికి "లేదు" బొమ్మ ఇచ్చాను. ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఆ మధ్య పెరుగు కోసం వెళ్తే, ఫోన్ మాట్లాడుతూ నా వైపు చూడకుండానే ఆ బొమ్మ మీద వేలు పెట్టాడు.